జంషెడ్‌పూర్ కొలిమి వేడిని ఎవరు కొంటారు?

కోక్ ఓవెన్ తలుపు తెరిచి బయటికి తోసినప్పుడు కోక్ సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడితో, నిప్పుకణికలా ఉంటుంది. గాలి తగిలితే మండిపోతుంది కాబట్టి వెంటనే చల్లార్చాలి. పాత పద్ధతిలో దాన్ని ఒక బండిలోకి దించి, ఎత్తయిన గోపురం కిందికి తీసుకెళ్లి, పైనుంచి నీళ్లు కుమ్మరిస్తారు. తెల్లటి ఆవిరి మేఘం ఒక్కసారిగా ఆకాశానికి లేస్తుంది. ఉక్కు పట్టణాల్లో పెరిగిన పిల్లలకు ఆ మేఘం కొత్త కాదు.

అయితే ఆ మేఘానికో ధర ఉంది. కోక్ విశిష్టోష్ణం, ఆ ఉష్ణోగ్రతల్లో సగటున, కిలోకు డిగ్రీకి 1.5 కిలోజౌళ్ల దగ్గర ఉంటుంది. ఒక టన్ను కోక్ 1,000 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు చల్లబడితే బయటపడే వేడి 1,200 మెగాజౌళ్లు, అంటే సుమారు 330 యూనిట్లు. దీన్ని ఆవిరిగా మార్చి టర్బైన్ తిప్పితే 100 యూనిట్ల కరెంటు వస్తుంది. రోజుకు వెయ్యి టన్నుల కోక్ తీసే బ్యాటరీలో ఇది రోజుకు లక్ష యూనిట్లు. నీళ్లు కుమ్మరించినప్పుడు ఇదంతా మేఘమై పోతుంది. టన్నుకు సుమారు అర టన్ను నీరు కూడా ఆవిరవుతుంది.

ఈ వేడిని పట్టుకోవడానికి మార్గం ఎప్పుడో కనిపెట్టారు. నీళ్లకు బదులు మూసిన గదిలో నైట్రోజన్ వాయువును తిప్పితే అది కోక్ వేడిని మోసుకెళ్లి బాయిలర్‌కు ఇస్తుంది. దీన్ని డ్రై క్వెంచింగ్ అంటారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఈ పద్ధతిని కట్టడంలోనే పెట్టారు. దేశంలో అదే మొదటిది. పాత కర్మాగారమైన జంషెడ్‌పూర్‌లో మాత్రం ఉన్న బ్యాటరీలకు తర్వాత అమర్చాల్సి వచ్చింది. అక్కడ టాటా స్టీల్‌తో కలిసి ఈ పని చేపట్టింది నెడో. ఇది ఇంధన సాంకేతికతలను ప్రోత్సహించే జపాన్ ప్రభుత్వ సంస్థ. విశాఖలో సింటర్ ప్లాంటు కూలర్ల వేడి నుంచి 20.6 మెగావాట్ల విద్యుత్తు తీసే ప్రాజెక్టులోనూ అదే భాగస్వామి. పొదుపు యంత్రం పనిచేస్తుందని ముందు ఒకచోట చూపించాలి, ఆ తొలి ఖర్చులో కొంత భారం ప్రభుత్వం మోయాలి అన్నది అలాంటి ‘నమూనా ప్రాజెక్టుల’ వెనకున్న ఆలోచన.

ఈ రెండు చోట్లా ఒక సంగతి గమనించాలి. కోక్ అమ్మేవాడు, కొనేవాడు వేరు కారు. బాయిలర్‌కు డబ్బు పెట్టేది, కరెంటు బిల్లు తగ్గితే లాభపడేది ఒకే జేబు. అందుకే కర్మాగారం గోడ లోపల పొదుపు లెక్క తేలిగ్గా కుదురుతుంది. గోడ దాటి ఊళ్లోకి వస్తే కథ మారుతుంది.

వేడిని గొట్టాల్లో పంచే ఊళ్లు

చలిదేశాల్లో నీళ్లు, గ్యాస్ లాగే వేడిని కూడా గొట్టాల్లో ఇంటింటికీ పంపిస్తారు. ఒకచోట పెద్ద బాయిలర్ లేదా విద్యుత్ కేంద్రం, అక్కడి నుంచి 80, 90 డిగ్రీల నీరు వీధుల కింద ప్రయాణం, ఇళ్లలోని రేడియేటర్లలో వేడి వదిలి చల్లబడి తిరిగి రావడం. దీన్ని డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, పేట. ఒక పేటకంతటికీ ఉమ్మడి పొయ్యి అన్నమాట. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో బర్డ్‌సిల్ హోలీ అనే ఇంజినీరు 1877లో ఆవిరి గొట్టాలు వేసి దీన్ని వ్యాపారంగా నిలబెట్టాడు.

జంషెడ్‌పూర్ లాంటి ఊరికి అసలైన పోలిక స్వీడన్ ఉత్తరాన ఉన్న లూలియో. అక్కడి ఎస్ఎస్ఏబీ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేస్, ఉక్కు కన్వర్టర్ల నుంచి మండగల వాయువులు వస్తాయి. వాటిని గాలిలో వృథాగా మండించకుండా లూలెక్రాఫ్ట్ అనే విద్యుత్ కేంద్రానికి పంపుతారు. అక్కడ కరెంటు తీశాక మిగిలిన వేడి నగరపు ఇళ్లకు వెళ్తుంది. 1980ల మొదటి నుంచీ ఇదే ఏర్పాటు. ఆ కేంద్రంలో ఉక్కు కంపెనీకీ, నగరపాలక సంస్థకు చెందిన ఇంధన సంస్థకూ వాటాలున్నాయి. సాంకేతికత కన్నా ఈ ఉమ్మడి యాజమాన్యమే లూలియోలో చూడాల్సిన విశేషం. ఫ్రాన్స్‌లోని డంకర్క్ కూడా 1980ల మధ్య నుంచి ఉక్కు కర్మాగారం సింటర్ కూలర్ వేడితో భవనాలను వెచ్చబరుచుకుంటోంది.

మరి జంషెడ్‌పూర్? 1907లో కంపెనీ పుట్టి, 1912లో ఉక్కు తయారై, 1919లో సాక్చి గ్రామం పేరు మారిన ఈ ఊరు కర్మాగారం చుట్టూ పెరిగింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట కొలిమికీ ఇళ్లకూ మధ్య దూరం చాలా తక్కువ. సాక్చి, బిష్టుపూర్ పేటలు ప్లాంటు గోడకు దగ్గరలోనే ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉందంటే, ఆ కొలిమి దగ్గర పనికి తెలుగు కుటుంబాలు ఎంతకాలం క్రితం తరలివచ్చాయో ఊహించుకోవచ్చు. వేడి ఉంది. పక్కనే ఊరూ ఉంది. లేనిదల్లా వేడి కావాలనే అవసరం. జనవరి రాత్రుల్లో పది డిగ్రీల దగ్గరికి పడినా ఒక దుప్పటితో సరిపోతుంది. మే నెలలో ఎండ 40 దాటి 45 వైపు వెళ్లినప్పుడు ఊరికి కావాల్సింది చల్లదనం.

వేడితో చల్లదనం తయారుచేయడం వింతగా అనిపించినా భౌతికశాస్త్రానికి కొత్త కాదు.

ఏ వేడి దేనికి?

మామూలు ఏసీలో కరెంటుతో తిరిగే కంప్రెసర్ వాయువును నొక్కుతుంది. శోషణ చిల్లర్‌లో కంప్రెసర్ ఉండదు. అతి తక్కువ పీడనంలో నీరు నాలుగైదు డిగ్రీల దగ్గరే ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని లిథియం బ్రోమైడ్ ద్రావణం పీల్చుకుంటుంది. ద్రావణం పలచబడ్డాక దాన్ని వేడిచేసి నీటిని మళ్లీ బయటికి పంపాలి. మొత్తం చక్రంలో వేడి అవసరమయ్యేది ఈ ఒక్క చోటే. అందుకు 90 డిగ్రీల నీరు చాలు. ఒక పాలు వేడి ఇస్తే 0.7 పాళ్ల చల్లదనం వస్తుంది.

ఒక మెగావాట్ వేడినీటి ప్రవాహం ఉందనుకుందాం. శోషణ చిల్లర్ దాన్ని 700 కిలోవాట్ల చల్లదనంగా, అంటే 200 టన్నుల ఏసీగా మారుస్తుంది. ఇంట్లో వాడే టన్నున్నర ఏసీలు 130కి పైగా చేసే పని ఇది. అవే ఇంటి ఏసీలు ఈ పని చేస్తే సుమారు 200 కిలోవాట్ల కరెంటు తాగుతాయి. మంచి పెద్ద విద్యుత్ చిల్లర్ అయితే 140 కిలోవాట్లతో సరిపెడుతుంది.

అదే 90 డిగ్రీల వేడితో కరెంటు తీయాలనుకుంటే? బయటి వాతావరణం 30 డిగ్రీలు అనుకుంటే కార్నో సూత్రం ప్రకారం పరమావధి 16.5 శాతం. నిజమైన యంత్రంలో అందులో సగం వస్తే గొప్ప. అంటే 80 కిలోవాట్లు. కాబట్టి తక్కువ ఉష్ణోగ్రత వేడిని కరెంటుగా మార్చడం కన్నా చల్లదనంగా మార్చడమే లాభం. ఎక్కువ ఉష్ణోగ్రత వేడి సంగతి వేరు. 500 డిగ్రీల ఆవిరికి కార్నో హద్దు 61 శాతం. ఆచరణలో మూడో వంతు దాకా రాబట్టవచ్చు. అలాంటి ఆవిరిని ఊరి ఏసీలకు పంపడం బంగారు పళ్లెంతో పేడ ఎత్తినట్టే. డ్రై క్వెంచింగ్ ఆవిరిని కర్మాగారం టర్బైన్లకే వాడుకోవడం సరైన పని. ఊరికి పనికొచ్చేది ఆ తర్వాత మిగిలేది. కూలింగ్ టవర్లలోకి, పొగగొట్టాల్లోకి పోయే, కర్మాగారానికి అక్కరలేని గోరువెచ్చటి చివరి భాగం.

‘వృథా వేడి’ గురించి రాసే చాలా వ్యాసాలు ఈ తేడాను దాటవేస్తాయి. అన్ని మెగావాట్లనూ ఒకే రాశిగా పోసి పెద్ద అంకె చూపిస్తాయి. అప్పు ఇచ్చే బ్యాంకుకు ఆ పెద్ద అంకె పనికిరాదు.

గొట్టం దగ్గర ఇంకో చిక్కుంది. లూలియోలో నీరు వెళ్లేటప్పుడు 90, వచ్చేటప్పుడు 50 డిగ్రీలు ఉంటే ప్రతి కిలో నీరూ 40 డిగ్రీల విలువైన వేడిని మోస్తుంది. చల్లటి నీటి వ్యవస్థలో 5 డిగ్రీల నీరు వెళ్లి 13 డిగ్రీలై తిరిగొస్తుంది. తేడా 8 మాత్రమే. 700 కిలోవాట్లు మోయడానికి అక్కడ సెకనుకు 4 లీటర్లు చాలితే, ఇక్కడ 21 లీటర్లు కావాలి. గొట్టం లావు, పంపు సామర్థ్యం, తవ్వకం ఖర్చు అన్నీ పెరుగుతాయి. పోనీ వేడినీటినే పేటదాకా పంపి అక్కడ చిల్లర్ పెడదామంటే, శోషణ చిల్లర్ వేడినీటి నుంచి 10, 15 డిగ్రీలే తీసుకోగలదు. అదీ పెద్ద ఊరట కాదు. శోషణ చిల్లర్‌కు కూలింగ్ టవర్ కూడా దాదాపు రెట్టింపు కావాలి, ఎందుకంటే గది నుంచి తీసిన వేడితో పాటు తాను తాగిన వేడినీ బయటికి వదలాలి. వేసవిలో నీటి లెక్క కూడా చూసుకోవాల్సిన ఊరు ఇది. కాబట్టి గోడకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపు ఉండి, ఏడాదిలో ఎక్కువ నెలలు, రోజులో ఎక్కువ గంటలు చల్లదనం కావాల్సిన పెద్ద భవనాలుంటేనే గొట్టం ఖర్చు గిట్టుబాటవుతుంది.

పొదుపును చూపించి అప్పు

ఇక డబ్బు సంగతి. పొదుపు ప్రాజెక్టుల్లో ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి, లాభం ఏళ్ల తరబడి చుక్కచుక్కగా వస్తుంది. ఒక ఊహా లెక్క వేద్దాం. పది కోట్ల రూపాయల పని. ఏడాదికి రెండు కోట్ల కరెంటు మిగులుతుంది. అయిదేళ్లలో అసలు వచ్చేస్తుందని చాలామంది చెప్పేస్తారు. పది శాతం వడ్డీకి అప్పు తెచ్చి, మిగిలిన రెండు కోట్లనూ ఏటా బ్యాంకుకే కడితే తీరడానికి ఏడేళ్ల పైన పడుతుంది. వడ్డీ 12 శాతమైతే ఎనిమిదేళ్లు.

ఇప్పుడు వడ్డీని పదికే ఉంచి పొదుపును తగ్గించి చూడండి. రెండు కోట్లు అనుకున్నది కోటిన్నరే వస్తే పదకొండున్నర ఏళ్లు. కోటి మాత్రమే వస్తే అప్పు ఎప్పటికీ తీరదు, వచ్చినదంతా వడ్డీకే సరి. అంటే ఈ బేరంలో వడ్డీ రేటు కన్నా పొదుపు అంచనాలోని తప్పు ఎక్కువ ప్రమాదకరం. పొదుపు పథకాల చర్చ అంతా రాయితీ వడ్డీ చుట్టూ తిరగడం, మీటర్ల గురించి ఎవరూ మాట్లాడకపోవడం అందుకే విచిత్రంగా ఉంటుంది.

పైగా పొదుపును నేరుగా కొలవలేం. వాడిన కరెంటుకు మీటరుంది. వాడకుండా ఉన్న కరెంటుకు మీటరు లేదు. పని చేయకపోయి ఉంటే ఎంత ఖర్చయ్యేదన్న ‘పాత లెక్క’ ఒకటి ఒప్పుకొని, దాంట్లోంచి ఇప్పటి వాడకం తీసివేయాలి. పైన చూసిన 200 టన్నుల చల్లదనమే ఉదాహరణ. పాత లెక్కలో ఇంటి ఏసీలు ఉంటే పొదుపు 200 కిలోవాట్లు, పెద్ద చిల్లర్ ఉంటే 140. కొత్త యంత్రం ఒకటే, వేడి ఒకటే. దేనితో పోల్చాలన్న ఒప్పందం మారితే రాబడి 30 శాతం మారిపోతుంది. ఆ మేరకు అప్పు తీరే గడువు కూడా.

ఈ తగువు ఆవిరి యంత్రమంత పాతది. జేమ్స్ వాట్ తన కొత్త కండెన్సర్‌కు 1769లో పేటెంట్ తీసుకున్నాడు. మాథ్యూ బౌల్టన్‌తో కలిసి ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో నీళ్లు తోడే యంత్రాలు పెట్టించాడు. గని యజమానుల నుంచి వాళ్లు అడిగిన రుసుము విచిత్రమైనది. పాత న్యూకమెన్ యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతు. మరి ఎంత మిగిలిందో తెలిసేదెలా? పాత యంత్రం ఎంత పనికి ఎంత బొగ్గు తింటుందో ముందు పరీక్షించి ఖాయం చేసుకున్నారు. కొత్త యంత్రం దూలానికి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరికరాన్ని బిగించి, ఎవరూ తాకకుండా తాళం వేసిన పెట్టెలో ఉంచారు. పాత లెక్క, మీటరు, తాళం. ఇంత చేసినా కొన్నాళ్లకు గని యజమానులు సొమ్ము ఇవ్వడానికి మొరాయించారు, వ్యవహారం కోర్టులకెక్కింది. బొగ్గు తగ్గిన సంగతిని అప్పటికే మరిచిపోయారు, ఏటా కట్టే రుసుము మాత్రం కళ్లకు కనిపిస్తోంది.

ఇవాళ ఎస్కోలు అని పిలిచే ఇంధన సేవల కంపెనీలు చేసేది ఇదే వ్యాపారం. పెట్టుబడి తాము పెట్టి, మిగులులో వాటా తీసుకుంటాయి. లేదా ఇంత మిగులుతుందని పూచీ ఇచ్చి, తగ్గితే ఆ లోటు తామే భరిస్తాయి.

చలిదేశాల ఊరుమ్మడి పొయ్యిల్లో ఈ మీటరు లేని తనం ఎంత నష్టం చేసిందో పోలండ్ అనుభవం చెబుతుంది. సోషలిస్టు కాలంలో అక్కడ వేడి బిల్లు ఇంటి విస్తీర్ణాన్ని బట్టి ఉండేది. రేడియేటర్ తగ్గించుకోవడానికి మర కూడా ఉండేది కాదు. ఇల్లు మరీ వేడెక్కితే నడి శీతాకాలంలో కిటికీ తెరిచేవారు. సొమ్మొకడిది సోకొకడిది. 1990లలో ప్రపంచ బ్యాంకు వార్సా, క్రాకో, గ్డాన్స్క్, గ్డీనియా నగరాల ఉష్ణ సంస్థలకు అప్పులిచ్చినప్పుడు గొట్టాల మార్పుతో పాటు భవనాలకు వేడి మీటర్లు పెట్టడం, వాడకాన్ని బట్టి బిల్లు వేయడం కూడా మొదలైంది. కొత్త గొట్టం వేడిని కాపాడుతుంది, మీటరు కిటికీని మూయిస్తుంది.

విశాఖ దీపాలు నేర్పినది

మన దగ్గర నగరపాలక సంస్థ పొదుపును చూపించి పెట్టుబడి తెచ్చుకున్న పెద్ద ఉదాహరణ వేడిది కాదు, వీధి దీపాలది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకట్లో ముంచింది. స్తంభాలు కూలి, దీపాలు పగిలిన నగరంలో పాత సోడియం దీపాలనే తిరిగి పెట్టే బదులు ఎల్ఈడీలు పెట్టాలని నిర్ణయించారు. పని ఈఈఎస్ఎల్‌కు అప్పగించారు. ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్, పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ అనే నాలుగు ప్రభుత్వ రంగ సంస్థలు కలిసి 2009లో పెట్టిన ఎస్కో అది. విశాఖలో 90 వేలకు పైగా దీపాలు మారాయి. 2015 జనవరి 5న కేంద్రం ప్రారంభించిన జాతీయ వీధి దీపాల కార్యక్రమం కూడా ఇదే దారిలో నడిచింది. పెట్టుబడి ఈఈఎస్ఎల్‌ది. పురపాలక సంఘం తగ్గిన కరెంటు బిల్లులోంచి, నిర్వహణ ఖర్చులోంచి ఏళ్ల తరబడి వాయిదాలు కడుతుంది.

వీధి దీపం ఈ పద్ధతికి చాలా అనువైన వస్తువు. పాత దీపం వాట్లు తెలుసు, కొత్తదాని వాట్లు తెలుసు, రాత్రి ఎన్ని గంటలు వెలగాలో తెలుసు. పాత లెక్క మీద తగువు పెద్దగా ఉండదు. వేడి, చల్లదనాల్లో వాతావరణం, జనం అలవాట్లు, భవనం గోడలు అన్నీ లెక్కలోకి వస్తాయి. దీపాలే ఇంత సులువైతే మరి సమస్య ఎక్కడొచ్చింది? వాయిదాల దగ్గర. దేశంలో అనేక పురపాలక సంఘాలు సమయానికి కట్టలేదు, ఈఈఎస్ఎల్‌కు రావలసిన బకాయిలు భారీగా పేరుకున్నాయి. బిల్లు తగ్గినా ఆ తగ్గిన సొమ్ము విడిగా ఒక ఖాతాలో పడదు. జీతాలు, చెత్త బండ్లు, రోడ్ల గుంతల మధ్య కలిసిపోతుంది. కార్న్‌వాల్ గని యజమానుల కథే మళ్లీ.

దీనికి వాడే మందు ఎస్క్రో ఖాతా. పన్నుల రాబడి ముందు ఆ ఖాతాలో పడి, వాయిదా కట్ అయ్యాకే మిగతాది పురపాలక సంఘం చేతికొస్తుంది. బ్యాంకుల భయం తగ్గించడానికి ఇంకో ఏర్పాటు హామీ నిధి. ఇంధన సామర్థ్య సంస్థ నడిపే పాక్షిక హామీ నిధి అప్పులో సగం దాకా పూచీ ఇస్తుంది. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో సిడ్బి నడిపే 4.3 కోట్ల డాలర్ల నష్ట భాగస్వామ్య సదుపాయం 2015లో మొదలైంది. కర్మాగారాలకు వేరే దారి ఉంది. 2012లో మొదలైన ‘పాట్’ పథకం పెద్ద వినియోగదారులకు లక్ష్యాలు పెట్టి, దాటి పొదుపు చేసినవారికి ఒక్కో టన్ను చమురుకు సమానమైన పొదుపుకు ఒక్కో పత్రం ఇస్తుంది. ఆ పత్రాలను అమ్ముకోవచ్చు. మొదటి విడతలో ఉక్కుతో సహా 8 రంగాల్లోని 478 సంస్థలు కలిసి 86.7 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఇంధనం ఆదా చేశాయి. అయితే ఆ లెక్క కర్మాగారం గోడ దగ్గర ఆగిపోతుంది. గోడ బయట ఆస్పత్రిలో తగ్గిన కరెంటు ఆస్పత్రి బిల్లులో తగ్గుతుంది, ఉక్కు కంపెనీ పత్రాల్లో పెరగదు.

సంతకం పెట్టేది ఎవరు?

ఇక్కడ జంషెడ్‌పూర్‌కు ఒక వింత అనుకూలత ఉంది. ఊరి మధ్యభాగంలో ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉన్నా, నీరు, కరెంటు, మురుగు కాలువల పని చాలావరకు టాటా స్టీల్ అనుబంధ సంస్థ చూస్తుంది. జస్కో పేరుతో 2003లో మొదలైన ఆ సంస్థే ఇప్పటి టాటా స్టీల్ యూటిలిటీస్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసెస్. వేడి పుట్టించేవాడు, గొట్టాలు వేయగలవాడు, బిల్లు వసూలు చేసేవాడు ఒకే కుటుంబంలో ఉన్నారు. లూలియో వాటాలు కలిపి కష్టపడి సాధించిన పొత్తు ఇక్కడ పుట్టుకతోనే వచ్చింది. ఎన్నికైన సభ లేని ఊరిలో ధర న్యాయమైనదని అడిగేదెవరన్న ప్రశ్న కూడా దాంతోనే వచ్చింది. గొట్టంలో వచ్చే చల్లదనానికి రెండో దుకాణం ఉండదు. ఒకసారి భవనాన్ని గొట్టానికి కలిపి పాత చిల్లర్ తీసేశాక కొనేవాడి చేతిలో బేరం ఉండదు. నది అవతలి మాంగో, ఆదిత్యపూర్‌లకు నగర నిగమ్‌లున్నాయి, కానీ వేడి దగ్గర్లో లేదు.

పేటంతటికీ చల్లదనం పంచే పద్ధతి దేశంలో లేకపోలేదు. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో అది నడుస్తోంది, అయితే విద్యుత్ చిల్లర్లతో. అక్కడ భవనాల కన్నా ముందే గొట్టాలకు సొరంగం కట్టారు. అమరావతిలో శాసనసభ, హైకోర్టు, సచివాలయాల కోసం 20 వేల టన్నుల చల్లదనానికి 2019లో యూఏఈ సంస్థ తబ్రీద్‌తో ముప్పై ఏళ్ల ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే ప్రభుత్వం మారి రాజధాని పనులు ఆగిపోవడంతో అది ముందుకు సాగలేదు. ముప్పై ఏళ్ల గొట్టానికి కొనేవాడు అంతకాలం ఉంటాడన్న నమ్మకం కావాలని ఆ అనుభవం గుర్తుచేస్తుంది.

అమ్మేవాడు కూడా ఉండాలి. ఈ సమస్య ఇప్పుడు లూలియోకే ఎదురైంది. కార్బన్ తగ్గించడానికి ఎస్ఎస్ఏబీ అక్కడ బ్లాస్ట్ ఫర్నేస్‌ను తీసేసి విద్యుత్ ఆర్క్ ఫర్నేసుల కర్మాగారం కట్టబోతోంది. కోక్ లేకపోతే కోక్ ఓవెన్ వాయువూ ఉండదు. ఊరు తన వేడికి కొత్త వనరు వెతుక్కోవాలి. బ్రిటన్‌లో టాటా స్టీల్ పోర్ట్ టాల్బట్ చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2024 సెప్టెంబరు 30న ఆపేసింది. జంషెడ్‌పూర్ కొలిములు ఇప్పుడప్పుడే ఆరేవి కావు. అయినా ఇవాళ వేసే గొట్టం వయసు 2055 దాటుతుంది. మన దేశం నికర సున్నా ఉద్గారాలకు పెట్టుకున్న గడువు 2070. అప్పు ఇచ్చేవాడు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. అందుకే గొట్టం కోక్ వేడి మీదే ఆధారపడకుండా, అవసరమైతే విద్యుత్ చిల్లర్‌నూ కలుపుకునేలా ఉండాలి. అలా చేస్తే మొదటి ఖర్చు పెరుగుతుంది, బ్యాంకు అడిగే వడ్డీ తగ్గుతుంది.

మొదలుపెట్టాలంటే గోడకు దగ్గరగా, రాత్రీపగలూ ఏసీ నడిచే భవనం ఒకటి కావాలి. బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్ అలాంటిది. దాని చిల్లర్లకు విడిగా మీటర్లు పెట్టి, గంటగంటకూ ఎన్ని టన్నుల చల్లదనం, ఎన్ని యూనిట్ల కరెంటు, బయట ఎన్ని డిగ్రీల ఎండ అని ఒక ఏడాది పాటు రాసుకుంటే పాత లెక్క తయారవుతుంది. గోడ లోపల కూడా ఏ పొగగొట్టంలో ఎన్ని డిగ్రీల వేడి, ఏడాదిలో ఎన్ని గంటలు పోతోందో కొలవాలి. ఈ రెండు పట్టికలకూ అయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టులో చాలా చిన్న భాగం. అవి చేతికొచ్చాకే గొట్టం లావు ఎంతో, అప్పు ఎన్నేళ్లలో తీరుతుందో లెక్క వేయగలరు.